నిజాం నిధి నుంచి వెనిజులా బంగారం దాకా: విదేశీ ప్రభుత్వాలతో బ్యాంకు వివాదాలపై తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో, లండన్ బ్యాంకులో చిక్కుకున్న నిజాం నిధి మాట వస్తే ఒక్కొక్కరు ఒక్కో కథ చెబుతారు. పాకిస్తాన్ కాజేసిందని ఒకరు, ఇంగ్లండ్ దాచుకుందని మరొకరు. నిజానికి ఆ డబ్బును దశాబ్దాల పాటు కట్టిపడేసింది సార్వభౌమ రక్షణ అనే న్యాయసూత్రం. విదేశీ ప్రభుత్వంతో, దాని కేంద్ర బ్యాంకుతో, దాని రాయబార కార్యాలయంతో డబ్బు తగాదా వచ్చిన ప్రతిచోటా ఆ సూత్రం ఎదురవుతుంది. దాన్ని అర్థం చేసుకోవడానికి తెలుగువారికి నిజాం కేసును మించిన ఉదాహరణ లేదు. అందుకే ఇక్కడి జవాబుల్లో ఎక్కువ భాగం దాని చుట్టూనే తిరుగుతాయి.

సార్వభౌమ రక్షణ అంటే ఏమిటి?

ఒక దేశాన్ని దాని సమ్మతి లేకుండా మరో దేశపు కోర్టు విచారించకూడదన్న నియమం. దేశాలన్నీ సమాన హోదా గలవి, సమానుల్లో ఒకరు మరొకరికి తీర్పరి కాలేరన్నది దీనికి మూలం. ఇక్కడ దేశం అంటే ప్రభుత్వం ఒక్కటే కాదు. దేశాధినేత, మంత్రిత్వ శాఖలు, రాయబార కార్యాలయం, ప్రభుత్వం తరఫున డబ్బు అందుకున్న అధికారి కూడా దీని కిందికి రావచ్చు. నిజాం కేసు అంతా చివర చెప్పిన ఆ అధికారి దగ్గరే చిక్కుపడింది.

రాజ్య చర్య సిద్ధాంతం కూడా ఇదేనా?

కాదు. ఈ రెండింటినీ తరచూ కలిపేస్తుంటారు. సార్వభౌమ రక్షణ ప్రతివాది ఎవరో చూస్తుంది. రాజ్య చర్య సిద్ధాంతం కోర్టు ఏ విషయం తేల్చాల్సి ఉందో చూస్తుంది. మొదటిది వర్తిస్తే కక్షిదారు గడప దగ్గరే ఆగిపోతాడు. రెండోది వర్తిస్తే లోపలికి వస్తాడు, కేసు నడుస్తుంది. కానీ ఒక విదేశీ ప్రభుత్వం తన గడ్డపై అధికారికంగా చేసిన పని చెల్లుతుందా లేదా అన్న ప్రశ్నను మాత్రం జడ్జి ముట్టుకోరు. అందుకే ఏ ప్రభుత్వమూ కక్షిదారుగా లేని కేసులో, ఇద్దరు ప్రైవేటు వ్యక్తుల మధ్య కూడా, రాజ్య చర్య వాదన తలెత్తవచ్చు.

నిజాం నిధి వివాదం ఎలా మొదలైంది?

1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలోకి ప్రవేశించింది. 17న నిజాం లొంగుబాటు ప్రకటించారు. ఆ కల్లోలపు రోజుల్లోనే, లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ బ్యాంకులో నిజాం ప్రభుత్వం పేరున ఉన్న ఖాతా నుంచి 10,07,940 పౌండ్ల 9 షిల్లింగులు మరో ఖాతాకు బదిలీ అయ్యాయి. బదిలీ చేయించింది నిజాం మంత్రి మొయిన్ నవాజ్ జంగ్. డబ్బు చేరింది బ్రిటన్‌లో పాకిస్తాన్ హైకమిషనర్‌గా ఉన్న హబీబ్ ఇబ్రహీం రహీమ్‌తూలా ఖాతాకు. ఆ సొమ్మును తన పేరు మీద ట్రస్టుగా, అంటే తన సొంతానికి కాక వేరొకరి కోసం, ఉంచుతానని రహీమ్‌తూలా ఉత్తరం రాసిచ్చారు. నాలుగు వాక్యాలైనా లేని ఆ కాగితం ఎంత విలువైనదో ఏడు దశాబ్దాల తర్వాత తేలింది.

సెప్టెంబర్ 27న నిజాం తిరగబడ్డారు. బదిలీకి తాను అనుమతి ఇవ్వలేదని, డబ్బు వెనక్కి వేయాలని బ్యాంకును కోరారు. ఖాతాదారు ఒప్పుకోకుండా కుదరదని బ్యాంకు చెప్పింది. దీన్ని బ్యాంకు మొండితనంగా చెప్పుకుంటారు గానీ అలా అనడం న్యాయం కాదు. ఖాతాలో డబ్బు అంటే ఇనప్పెట్టెలో విడిగా పెట్టిన నోట్ల కట్టలు కావు. ఖాతాదారుకు బ్యాంకు పడిన బాకీ. బదిలీ జరిగిన క్షణం నుంచి వెస్ట్‌మినిస్టర్ బ్యాంకు బాకీ పడింది రహీమ్‌తూలాకు. నిజాం మాట విని డబ్బు ఇచ్చేస్తే, రేపు రహీమ్‌తూలా వచ్చి అడిగినప్పుడు రెండోసారి కట్టాల్సి వస్తుంది.

1957లో బ్రిటన్ అత్యున్నత న్యాయస్థానం ఆ డబ్బు పాకిస్తాన్‌దేనని తేల్చిందా?

తేల్చలేదు. ఈ అపోహ ఇప్పటికీ పోలేదు కాబట్టి గట్టిగా చెప్పాల్సి వస్తోంది.

నిజాం 1954లో బ్యాంకు మీద, రహీమ్‌తూలా మీద లండన్‌లో దావా వేశారు. పాకిస్తాన్ సార్వభౌమ రక్షణ కోరింది. మొదటి కోర్టు పాకిస్తాన్ మాట విన్నది, అప్పీలు కోర్టు నిజాం మాట విన్నది. చివరికి కేసు అప్పట్లో అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్‌కు చేరింది. రహీమ్‌తూలా ఆ డబ్బును సొంత మనిషిగా కాక పాకిస్తాన్ ప్రతినిధిగా అందుకున్నారని, ఖాతాపై చట్టపరమైన హక్కు ఆయన పేరునే ఉందని లార్డులు అన్నారు. ఆ డబ్బు అసలు ఎవరిదో తేల్చాలంటే పాకిస్తాన్‌ను ప్రతివాదిగా నిలబెట్టినట్టే అవుతుంది. పాకిస్తాన్ అందుకు ఒప్పుకోవడం లేదు. కాబట్టి విచారణ నిలిపివేశారు.

అంటే అసలు ప్రశ్నకు జవాబు దొరకలేదు. డబ్బు నిజాందా, పాకిస్తాన్‌దా, భారతదేశానిదా అన్నది ఎవరూ చెప్పలేదు. పాకిస్తాన్ తన రక్షణను వదులుకుంటే తప్ప చెప్పే దారి కూడా లేదు. పాకిస్తాన్ చేతికీ డబ్బు రాలేదు, ఎందుకంటే ఇంతమంది హక్కుదారులు కాచుకుని ఉండగా బ్యాంకు దాన్ని వదల్లేదు. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఆ డబ్బు ముఖం చూడకుండానే 1967 ఫిబ్రవరి 24న కన్నుమూశారు. 1957 నాటి చట్టం ప్రకారం తీర్పు సరైనదే కావచ్చు. కానీ సొమ్ము పోయిందని మొరపెట్టుకున్న మనిషి మొర వినడానికే వీల్లేదనడం అన్యాయమే అని నా అభిప్రాయం.

ఆ బెంచిలో ఎవరూ మరోలా ఆలోచించలేదా?

ఒక్కరు ఆలోచించారు. లార్డ్ డెన్నింగ్. ఫలితంతో ఏకీభవించినా, దారి మార్చాలన్నారు. విదేశీ ప్రభుత్వమైతే చాలు, ఏ పనికైనా రక్షణ ఉంటుందన్న పాత సూత్రాన్ని ఆయన ప్రశ్నించారు. వివాదం ప్రభుత్వ విధానానికి సంబంధించినదా, వ్యాపార లావాదేవీనా అని చూడాలన్నారు. న్యాయవాదులు అసలు వాదించని అంశాలపై ఇంత దూరం వెళ్లడాన్ని తాము ఆమోదించినట్టు కాదని లార్డ్ సైమండ్స్ తన తీర్పులోనే స్పష్టం చేశారు. ఆ రోజు డెన్నింగ్ ఒంటరి. 20 ఏళ్లు తిరగకుండానే ఆయన మాటే చట్టమైంది.

ఎలా? ప్రభుత్వం వ్యాపారం చేస్తే రక్షణ పోతుందా?

చాలా దేశాల్లో పోతుంది. ఈ మార్పును నడిపించిన కేసుల్లో ముఖ్యమైనది ఒక సిమెంటు కేసు.

1975లో నైజీరియా తన రేవులు పట్టలేనంత సిమెంటుకు ఆర్డర్లు ఇచ్చింది. లాగోస్ రేవు బయట వందల ఓడలు నెలల తరబడి లంగరు వేసుకుని నిలబడ్డాయి. ఆ ఏడాదే సైనిక ప్రభుత్వం మారింది. కొత్తవారు చెల్లింపులకు అడ్డుకట్ట వేశారు. ట్రెండ్‌టెక్స్ అనే స్విస్ కంపెనీ 2,40,000 టన్నుల సిమెంటుకు సెంట్రల్ బ్యాంక్ ఆఫ్ నైజీరియా ఇచ్చిన లెటర్ ఆఫ్ క్రెడిట్‌ను (సరుకు పత్రాలు చూపితే డబ్బు చెల్లిస్తామన్న బ్యాంకు హామీని) నమ్ముకుంది. డబ్బు ఆగిపోగానే లండన్‌లో కేసు వేసింది. తాను ప్రభుత్వ అంగమని, తనకు రక్షణ ఉందని బ్యాంకు వాదించింది. సిమెంటు సైనిక బ్యారకుల కోసమని కూడా గుర్తు చేసింది.

1977లో అప్పీలు కోర్టు ఆ వాదన తోసిపుచ్చింది. తీర్పు చెప్పిన వారిలో డెన్నింగ్ కూడా ఉన్నారు. సిమెంటు దేనికి వాడతారన్నది అనవసరం. లెటర్ ఆఫ్ క్రెడిట్ ఇచ్చినవారు దాన్ని గౌరవించాలి, ఇది శుద్ధ వ్యాపారం అన్నారు. మరుసటి ఏడాదే బ్రిటన్ స్టేట్ ఇమ్యూనిటీ చట్టం, 1978 తెచ్చి, వాణిజ్య లావాదేవీలకు రక్షణ లేదని రాసేసింది. అమెరికా 1976లోనే ఇలాంటి చట్టం చేసుకుంది. 1992లో అక్కడి సుప్రీంకోర్టు అర్జెంటీనా బాండ్ల కేసులో ఏకగ్రీవంగా ఇదే చెప్పింది. విదేశీ మారక సంక్షోభం నుంచి గట్టెక్కడానికే బాండ్లు ఇచ్చామని అర్జెంటీనా మొరపెట్టుకుంది. ఉద్దేశం ఏదైనా బాండ్లు అమ్మడం మార్కెట్లో ఎవరైనా చేసే పని, కాబట్టి వాణిజ్యమే అని కోర్టు తేల్చింది.

1978 చట్టం వచ్చాక నిజాం వారసులు మళ్లీ కేసు వేయలేకపోయారా?

ఆ చట్టం అంతకుముందు జరిగిన విషయాలకు వర్తించదు. 1948 బదిలీ పాత సూత్రం కిందే ఉండిపోయింది.

మరి 2019లో తీర్పు ఎలా వచ్చింది?

పాకిస్తాన్ తనంతట తానే కోర్టు మెట్లెక్కింది కాబట్టి. 2013లో పాకిస్తాన్ హైకమిషనర్ ఆ డబ్బు తమకివ్వాలంటూ బ్యాంకు మీద దావా వేశారు. అప్పటికి వెస్ట్‌మినిస్టర్ బ్యాంకు నాట్‌వెస్ట్ అయింది. దావా వేసిన దేశం రక్షణ వదులుకున్నట్టే లెక్క. ఒక్కసారిగా తలుపులు తెరుచుకున్నాయి. భారత ప్రభుత్వం, నిజాం మనవళ్లు ముకర్రం జా, ముఫఖం జా తమ హక్కులు చెప్పుకోవడానికి వచ్చారు.

పరిస్థితి అర్థమయ్యాక పాకిస్తాన్ దావా ఉపసంహరించుకుంటూ నోటీసు ఇచ్చింది. 2015 జనవరిలో హైకోర్టు ఆ నోటీసును కొట్టేసింది. విచారణ మొదలుపెట్టించి, మిగతావారిని రప్పించి, గాలి తమకు ఎదురుగా వీస్తోందనగానే రక్షణ చాటుకు వెళ్లిపోతామంటే కుదరదని దాని సారాంశం. సార్వభౌమ రక్షణపై పనిచేసే ప్రతి న్యాయవాదీ ఈ ఉత్తర్వు చదవాలి. ఇది లేకపోతే నిధి ఇప్పటికీ బ్యాంకులోనే ఉండేది.

భారత ప్రభుత్వానికి, ఇద్దరు మనవళ్లకు మధ్య ఒప్పందం కుదరడంతో వారు ఒకే పక్షంగా నిలిచారు. బ్యాంకు ఎవరి పక్షమూ వహించలేదు. 2019 అక్టోబర్ 2న జస్టిస్ మార్కస్ స్మిత్ తీర్పు చెప్పారు: నిధిపై అసలు హక్కు ఏడో నిజాందే, ఆయన తరఫున హక్కు కోరుతున్న మనవళ్లకు, భారతదేశానికి అది చెందుతుంది. వడ్డీతో పెరిగి అప్పటికి ఆ మొత్తం సుమారు 3.5 కోట్ల పౌండ్లు.

ఆ కేసులో రాజ్య చర్య వాదన వచ్చిందా?

వచ్చింది. పాకిస్తాన్ వాదనలు ప్రధానంగా రెండు రకాలు. ఒకటి వాస్తవాల మీద: హైదరాబాద్‌కు ఆయుధాలు చేరవేసినందుకు ప్రతిఫలంగా ఆ డబ్బు వచ్చిందని. సిడ్నీ కాటన్ అనే పైలట్ అప్పట్లో సంస్థానానికి విమానాల్లో ఆయుధాలు తరలించిన మాట చరిత్రే. కానీ ఆ ఆయుధాలకూ ఈ బదిలీకీ ముడి ఉందని కోర్టుకు నమ్మకం కలగలేదు. డబ్బు భారత్ చేతికి చిక్కకుండా దాచడానికి పంపారన్న మాటలో బలం ఉన్నా, దాచమని ఇవ్వడం వేరు, సొంతానికి ఇవ్వడం వేరు. రహీమ్‌తూలా ఉత్తరంలోని ట్రస్టు అన్న మాట ఇక్కడ పనికొచ్చింది.

రెండో రకం వాదన చట్టం మీద. ఇది రాజ్యాల మధ్య వ్యవహారం, రాజ్య చర్య సిద్ధాంతం ప్రకారం ఇంగ్లిష్ కోర్టు దీన్ని తేల్చకూడదన్నారు. హైదరాబాద్‌పై భారత్ చర్యే చట్టవిరుద్ధం కాబట్టి దాని మీద ఆధారపడిన హక్కు చెల్లదన్నారు. రెండూ నిలబడలేదు. లండన్ బ్యాంకులో ఉన్న డబ్బు ఎవరి కోసం ఎవరు పట్టుకున్నారన్నది ట్రస్టు చట్టానికి సంబంధించిన ప్రశ్న, దాన్ని తేల్చడం ఆ కోర్టు పనే.

రాజ్య చర్య సిద్ధాంతం బ్యాంకు అప్పులను ఎప్పుడు దెబ్బతీస్తుంది?

బాకీ ఎక్కడ ఉన్నట్టు లెక్క అన్నదాన్ని బట్టి. వినడానికి వింతగా ఉంటుంది, కానీ కోర్టులు బాకీకి ఒక చిరునామా నిర్ణయిస్తాయి.

అమెరికాలో ఈ సిద్ధాంతానికి పెద్ద తీర్పు 1964 నాటి సబాటినో కేసు. క్యూబా తన గడ్డ మీద పంచదార కంపెనీని జాతీయం చేసింది. అది అంతర్జాతీయ న్యాయానికి విరుద్ధమన్నా సరే, దాని చెల్లుబాటును తాము విచారించబోమని సుప్రీంకోర్టు అన్నది. ఆగ్రహించిన అమెరికన్ కాంగ్రెస్ అదే ఏడాది చట్టం చేసి ఆ తీర్పు పరిధిని తగ్గించింది.

బ్యాంకులకు దగ్గరి కేసు మాత్రం కోస్టారికాది. 1981లో ఆ దేశం విదేశీ మారక నిబంధనలు బిగించి, తన బ్యాంకులు విదేశీ రుణాలు తీర్చకుండా ఆపింది. 39 బ్యాంకుల బృందం తరఫున అలైడ్ బ్యాంక్ న్యూయార్క్‌లో కేసు వేసింది. అప్పీలు కోర్టు 1984లో మొదట అప్పిచ్చినవారికి వ్యతిరేకంగా చెప్పింది. ఆ తర్వాత అమెరికా ప్రభుత్వం జోక్యం చేసుకుని తమ విధానం అది కాదని చెప్పడంతో కేసును మళ్లీ విన్నది. 1985లో తీర్పు తిరగబడింది: డబ్బు చెల్లించాల్సింది న్యూయార్క్‌లో, డాలర్లలో, కాబట్టి బాకీ న్యూయార్క్‌లో ఉన్నట్టే. తన సరిహద్దుల్లో లేని బాకీని కోస్టారికా ఉత్తర్వు తుడిచిపెట్టలేదు. రుణపత్రాల్లో చెల్లింపు స్థలం గురించి ఒక వాక్యం ఎందుకు ఉంటుందో ఈ కేసు చదివితే తెలుస్తుంది.

కేసు గెలిస్తే డబ్బు చేతికి వచ్చినట్టేనా?

కాదు. చాలామంది బోల్తాపడేది ఇక్కడే. కేసు విచారణకు రక్షణ లేకపోయినా, తీర్పు అమలుకు వేరే రక్షణ ఉంటుంది, అది మరింత గట్టిది. రాయబార కార్యాలయం ఖాతానే చూడండి. కొలంబియా రాయబార కార్యాలయం ఖాతాను జప్తు చేయించాలని ఆల్కామ్ అనే కంపెనీ ప్రయత్నించింది. ఆ ఖాతాలోంచి కొన్ని వ్యాపార చెల్లింపులు జరిగినా, ప్రధానంగా అది కార్యాలయ ఖర్చులది కాబట్టి ముట్టుకోకూడదని 1984లో హౌస్ ఆఫ్ లార్డ్స్ చెప్పింది. ఖాతా వాణిజ్యానికి కాదని రాయబారి రాసిస్తే, ఆ మాట తప్పని నిరూపించాల్సిన భారం అప్పిచ్చినవాడిదే. కేంద్ర బ్యాంకు ఆస్తులకు బ్రిటన్ చట్టం ఇంకా పెద్ద గోడ కట్టింది.

మన దేశం కూడా ఈ గోడకు అటువైపు నిలబడింది. పాత తేదీల నుంచి వేసిన పన్ను వివాదంలో 2020 డిసెంబర్‌లో కెయిర్న్ ఎనర్జీ 120 కోట్ల డాలర్ల ఆర్బిట్రేషన్ అవార్డు (మధ్యవర్తుల తీర్పు) గెలిచింది. 2021లో ప్యారిస్‌లోని భారత ప్రభుత్వ ఆస్తులపై జప్తు ఉత్తర్వు తెచ్చుకుంది. విదేశాల్లోని ప్రభుత్వ రంగ బ్యాంకుల ఖాతాల మీద కూడా పడతారన్న ఆందోళన అప్పట్లో వార్తలకెక్కింది. అదే ఏడాది ఆగస్టులో పార్లమెంటు చట్టాన్ని సవరించడంతో వివాదం రాజీకి వచ్చింది.

ఒకే దేశానికి ఇద్దరు పాలకులు మేమంటే మేమని వస్తే?

ఇంగ్లండ్ కేంద్ర బ్యాంకులో వెనిజులా దాచుకున్న బంగారం విషయంలో అదే జరిగింది. అప్పట్లో అధ్యక్ష పదవిలో ఉన్న మదురో నియమించిన కేంద్ర బ్యాంకు బోర్డు, తానే తాత్కాలిక అధ్యక్షుడినన్న ప్రతిపక్ష నేత గ్వైడో నియమించిన బోర్డు రెండూ దాన్ని కోరాయి. బ్రిటన్ ప్రభుత్వం గ్వైడోను గుర్తించింది కాబట్టి కోర్టులకు ఆ మాటే శిరోధార్యమని, ఆయన చేసిన నియామకాలను రాజ్య చర్య సూత్రం ప్రకారం ప్రశ్నించరాదని 2021 డిసెంబర్‌లో బ్రిటన్ సుప్రీంకోర్టు చెప్పింది. ఆ నియామకాలు చెల్లవన్న వెనిజులా కోర్టు తీర్పులకు విలువ ఇవ్వాలా అన్న ప్రశ్న మాత్రం కింది కోర్టుకు పంపింది. 2022లో అది కూడా గ్వైడో వైపే తేలింది. ఏడాది చివరికల్లా వెనిజులా ప్రతిపక్షమే ఆయన తాత్కాలిక ప్రభుత్వాన్ని రద్దు చేసింది. బంగారం మళ్లీ అయోమయంలో పడింది.

మన కోర్టుల్లో విదేశీ ప్రభుత్వం మీద కేసు వేయవచ్చా?

కేంద్ర ప్రభుత్వం రాతపూర్వకంగా అనుమతిస్తే వేయవచ్చు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 86వ సెక్షన్ అదే చెబుతుంది. మన దేశానికి బ్రిటన్, అమెరికాల్లాంటి ప్రత్యేక చట్టం లేదు. కలకత్తాలో ఈజిప్టు ప్రభుత్వంతో తేయాకు ఒప్పందంపై కాషానీ అనే వ్యాపారి వేసిన కేసును, అనుమతి లేదన్న కారణంతో 1965లో సుప్రీంకోర్టు నిలువరించింది. అది వ్యాపారమే అయినా సెక్షన్ సెక్షనే. డిక్రీ అమలుకు కూడా విడిగా అనుమతి కావాలి. అయితే దరఖాస్తుదారు మాట వినకుండా అనుమతి నిరాకరించకూడదని సెక్షన్‌లోనే ఉంది. 2011లో ఇథియోపియన్ ఎయిర్‌లైన్స్ కేసులో, వినియోగదారుల ఫోరంలో వచ్చిన ఫిర్యాదుకు ఈ రక్షణ అడ్డురాదని సుప్రీంకోర్టు చెప్పింది.

కాకినాడ నుంచి ఒక విదేశీ ప్రభుత్వ సంస్థకు బియ్యం పంపబోతున్నాను. ఒప్పందంలో ఏం చూసుకోవాలి?

మొదట లెటర్ ఆఫ్ క్రెడిట్‌కు మీ దేశంలోనో, నమ్మకమైన మూడో దేశంలోనో ఉన్న బ్యాంకుతో కన్ఫర్మేషన్ ఇప్పించుకోండి. అప్పుడు పత్రాలు సరిగా ఉంటే మీకు చెల్లించాల్సిన బాధ్యత ఆ బ్యాంకు మీద కూడా నేరుగా ఉంటుంది. కొన్నది ప్రభుత్వమా, ప్రైవేటా అన్నది మీకు పట్టదు. మిగతా జాగ్రత్తలన్నిటికంటే ఇదే మేలు.

అది కుదరకపోతే, రక్షణ వదులుకుంటున్నామని ఒప్పందంలో రాయించండి. ఒక్క వాక్యంతో సరిపెట్టుకోవద్దు. విచారణకు రక్షణ వదులుకోవడం, తీర్పు అమలుకు రక్షణ వదులుకోవడం వేర్వేరు, రెండూ ఉండాలి. కొన్నది ఏ సంస్థో, సంతకం పెట్టేవారికి ఆ దేశ చట్టం ప్రకారం ఆ అధికారం ఉందో లేదో కాగితం మీద తెప్పించుకోండి. చెల్లింపు ఏ ఊళ్లో, ఏ కరెన్సీలో, వివాదం ఏ కోర్టుకు లేదా ఏ ఆర్బిట్రేషన్‌కు అన్నవి స్పష్టంగా ఉండాలి. చెల్లింపు స్థలం కొనుగోలుదారు దేశమే అయితే, అక్కడి ప్రభుత్వం రేపు విదేశీ చెల్లింపులు ఆపేసినప్పుడు మీ బాకీ దాని చేతి కిందే ఉంటుంది. పెద్ద మొత్తమైతే సరుకు ఓడెక్కకముందే ఇలాంటి ఒప్పందాలు చూసే న్యాయవాదికి చూపించండి.